సీఫస్ మోబ్లీ కుడికాలు

హార్లెంలో మా వీధివాళ్ళకు సీఫస్ మోబ్లీని గుర్తుపట్టడానికి కళ్ళతో పనిలేదు. మనిషి ఇంకా కింది మెట్ల దగ్గర ఉండగానే పై అంతస్తువాళ్ళు "సీఫస్ వచ్చాడు" అనుకునేవాళ్ళు. ముందు కుడికాలు ధబ్బున పడేది. వెంటనే మడమ జర్రున ఈడ్చుకుంటూ వచ్చేది. ధబ్, జర్రు. ధబ్, జర్రు. మధ్య అంతస్తులో ఉండే మిసెస్ ప్రింగిల్ తలుపు తీసి, "ఏం నాయనా, మెట్లెక్కుతున్నావా, విరగ్గొడుతున్నావా?" అని అడిగేది.

"ముందు ఎక్కనివ్వమ్మా, తర్వాత చూద్దాం," అనేవాడు సీఫస్.

మనిషి తలుపు చట్రానికి సరిపోయేంత ఉంటాడు. మాట మాత్రం పిసరంత. నోటితో మాట్లాడాల్సిందంతా ఆ కుడికాలే మాట్లాడేస్తుందని వాళ్ళ ఆర్కెస్ట్రాలో వేళాకోళం చేసేవాళ్ళు. ప్రొఫెసర్ డ్యూప్రీ నడిపే పాల్మెట్టో ఆర్కెస్ట్రాలో సీఫస్ ట్యూబా ఊదేవాడు. ట్యూబా అంటే ఒళ్ళో చంటిపిల్లాణ్ణి కూచోబెట్టుకున్నట్టు పెట్టుకుని ఊదే ఇత్తడి బాకా. దాని మూతి బట్టలు నానబెట్టే తొట్టంత ఉంటుంది. ఆ తొట్టి వెనకాల సీఫస్ మొహం ఉందా లేదా అన్నది డాన్సు చేసేవాళ్ళెవరూ పట్టించుకోలేదు. కాలు వినిపిస్తే చాలు, అందరి కాళ్ళూ లేచేవి.

ఆ కాలికి ఆ చప్పుడు నేర్పింది వాళ్ళక్క ఆల్మీటా.

దక్షిణ కరోలినాలో ఒకే చలికాలంలో అమ్మా నాన్నా జ్వరాలొచ్చి పోయారు. అప్పటికి ఆల్మీటాకి ఇంకా రెండు జడలు వేసుకునే వయసే. తమ్ముడు ఆమె నడుము దాకా కూడా రాడు. వాణ్ణి ఒట్టికాళ్ళతో చర్చికి తీసుకెళ్ళడం ఆమెకు నామోషీ. నాన్న బూట్లు తీసి, వాటి ముక్కుల్లో దూది కుక్కి, వాడి కాళ్ళకు తొడిగింది. బూటు ఒకవైపు పోతే వాడు ఇంకోవైపు పోయాడు. "ఒరేయ్, కాలు ఎత్తి గట్టిగా వెయ్యి. వేశాక మడమ ఈడ్చు. అప్పుడు బూటు నీతో వస్తుంది," అని పెరట్లో అటూ ఇటూ నడిపించి నేర్పింది. ఆ ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటే వీడు పక్కన నిలబడి, నేర్చిన నడకే ఉన్నచోట నడిచాడు. ధబ్, జర్రు. చెక్క చర్చి మొత్తం ఆ దెబ్బకు లేచి నిలబడింది. హల్లెలూయాలు పైకప్పుకు తగిలాయి. ఆ రోజు నుంచి ఆల్మీటా పాట పాడాలంటే పక్కన సీఫస్ కాలు ఉండాల్సిందే.

పత్తిచేలు వదిలి ఉత్తరానికి తరలిన నల్లవాళ్ళందరితోపాటు వాళ్ళూ హార్లెం వచ్చారు. ఆల్మీటా లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఇద్దరూ సీయోను గుమ్మం పరిశుద్ధ సంఘంలో చేరారు. అంతకుముందు అది చేపల కొట్టు. ప్రార్థన వేడెక్కిందంటే గోడల్లోంచి పాత చేపల వాసన లేచేది, ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. యుద్ధం నుంచి వచ్చిన ఒక బ్రదర్ ఆ సంఘానికి ఒక ట్యూబా ఇచ్చిపోయాడు. దాన్ని ఊదబోయి ముగ్గురు సొమ్మసిల్లారు. సీఫస్ తీసి ఊదితే కిటికీ అద్దం బీటలు వారింది. ఇంకేం, అది వాడిదే అయిపోయింది.

ఒక ఆదివారం ఆ దారిన పోతూ ప్రొఫెసర్ డ్యూప్రీ ఆగాడు. పియానో వాయించి బతికేవాడు, పిల్లి గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెడని కోటు. ప్రార్థన అయ్యాక సీఫస్‌ని గుమ్మంలో పట్టుకున్నాడు.

"ఆ బాకా ఎవరిది బాబూ?"

"సంఘానిదండీ."

"ఆ కాలు?"

"అది నాదేనండీ."

"బాకా నేనిస్తాను. నువ్వు కాలు పట్టుకురా."

అట్లా సీఫస్ శనివారాలు డాన్సుల్లో, ఆదివారాలు చర్చిలో ఊదడం మొదలుపెట్టాడు. అది కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఈస్టర్ వచ్చింది. ముందు రోజు డాన్సు తెల్లవార్లూ నడిచింది. సీఫస్ ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుందామని మంచం మీద కూచున్నాడు. కూచున్నవాడు కూచున్నట్టే నిద్రపోయాడు. అక్కడ సంఘం ముందు ఆల్మీటా తెల్లబట్టల్లో నిలబడి ఈస్టర్ పాట ఎత్తుకుంది. పక్కన కాలు లేదు. పాట తూలింది, తడబడింది, రెండో చరణం మధ్యలో ఆగిపోయింది. ఆమె వచ్చి బల్ల మీద కూచుంది. మళ్ళీ పాడలేదు. తమ్ముడితో మాట్లాడటం కూడా ఆ రోజే మానేసింది.

డాన్సుపాటలు ఊదాడని కోపం అంది వీధి. సీఫస్ కూడా అదే అనుకున్నాడు.

మానేసిందంటే ఇల్లు విడిచి పోలేదు. అన్నం పెట్టడం మానలేదు, చొక్కాలు ఇస్త్రీ చెయ్యడం మానలేదు. మాటే లేదు. ఆ ఇంట్లో, చర్చి పెద్దల్ని పిలిచినట్టు డీకన్ అని పిలిచే గండుపిల్లి ఉండేది. మాటలన్నీ దానికే పోయేవి.

"డీకన్, పొయ్యి మీద కాలర్డ్ ఆకుకూర ఉంది, మొక్కజొన్న రొట్టె ఉంది. తినే మనిషిని తినమను," అనేది ఆల్మీటా.

"డీకన్, కూరలో ఉప్పు బాగా కుదిరిందని అక్కతో చెప్పు," అనేవాడు సీఫస్.

"ఉప్పెప్పుడు కుదరలేదో చెప్పమను డీకన్."

డీకన్ అటు చూసేది, ఇటు చూసేది. మొత్తం సంఘంలో ఏ డీకనుకీ అంత పని లేదు. ఇట్లా ఈస్టర్ల మీద ఈస్టర్లు గడిచిపోయాయి. సీఫస్‌కు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. అక్క ఒక్కసారి తన మొహం చూసి "ఒరేయ్" అనాలి. తిట్టినా ఫరవాలేదు. తిడితే ఇంకా మంచిది.

సరిగ్గా అప్పుడే సినిమా బొమ్మలకు మాటలొచ్చాయి. మాటలొచ్చాక పాటలు రాకుండా ఉంటాయా? పెద్ద సినిమాకు ముందు వెయ్యడానికి ఒక్క రీలు పాటల బొమ్మలు తీయడం మొదలుపెట్టారు, ఆర్కెస్ట్రా మొత్తాన్ని కూచోబెట్టి. నది అవతల స్టూడియో నుంచి పాల్మెట్టో వాళ్ళకు పిలుపొచ్చింది. ఆ సంగతి వినగానే ప్రొఫెసర్ పియానో బల్ల మీద ఎక్కి నిలబడ్డాడు. డ్రమ్ముల స్నీడ్ అయితే వీధిలో ఎదురుపడ్డ ప్రతివాడికీ టోపీ తీసి, "రేపట్నుంచి నన్ను చూడాలంటే వరసలో నిలబడాలి మరి," అన్నాడు.

సీఫస్‌కు ఒకటే ఆలోచన. తెర మీద మొహం గుర్రమంత పెద్దగా కనిపిస్తుందిట. అక్క తన మొహం వైపు చూడటం మానేసింది. గుర్రమంత మొహాన్ని చూడకుండా ఎట్లా ఉంటుంది?

ఆ సాయంత్రం పిల్లిని ఒళ్ళోకి తీసుకుని మొదలుపెట్టాడు. "డీకన్, నన్ను బొమ్మలో తీస్తున్నారు. మన చర్చి పక్క జూబిలీ హాల్లోనే వేస్తారుట. అక్కతో చెప్పు."

ఆల్మీటా ఇస్త్రీపెట్టె దించి, పిల్లినే చూస్తూ అంది. "డీకన్, సినిమా హాల్లో అడుగుపెట్టడం పరిశుద్ధులకు తగదని ఆ మనిషికి తెలీదా? ప్రభువే స్వయంగా వచ్చి టికెట్ కొనిపెడితే అప్పుడు చూద్దాం."

డీకన్ ఒళ్ళోంచి దూకి మంచం కిందికి పోయింది.

స్టూడియోకి వెళ్ళేసరికి అక్కడ ఒక పడవరేవు కట్టి ఉంది. అట్టతో చేసిన పడవ, గుడ్డమీద గీసిన నది, దానిముందు గుట్టలుగా పత్తి బేళ్ళు. నల్ల టక్సీడో కోట్లు తొడుక్కున్న పదిమందీ వాటిని చూసి నిలబడిపోయారు.

"ఓరి దేవుడా! దీని మొహం చూడకూడదని ఊరొదిలి ఇంతదూరం వచ్చాను. రైలెక్కి నా వెనకాలే వచ్చింది," అన్నాడు స్నీడ్.

"నోరు ముయ్యి. ఇవాళ దీన్ని మనం ఏరక్కర్లేదు, ముందు కూచుంటే చాలు," అన్నాడు ప్రొఫెసర్.

మైకును ఒక పూలకుండీలో దాచారు. కెమెరాను ఐసుపెట్టెలాంటి గదిలో పెట్టి, దాంతోపాటు ఒక మనిషిని కూడా లోపల పెట్టి తలుపేశారు. కెమెరా రొద బయటికి వినిపించకూడదుట. ప్రతి పాటకూ ఆ మనిషి ఉడికిన దుంపలా బయటికొచ్చేవాడు. చప్పుడు పట్టే పని కెస్లర్ అనే ఆయనది. చెవులకు నల్లటి డిప్పలు, చుట్టూ అద్దాల గది. వచ్చీ రాగానే స్నీడ్ పెద్ద డ్రమ్మును చూసి అడ్డంగా తలూపాడు.

"దాని దెబ్బకు నా యంత్రం సూది ఎగిరిపోతుంది. తీసెయ్యండి."

"డ్రమ్ము తీసేస్తే నేనేం చెయ్యను సార్?"

"చీపురు బ్రష్షులతో ఆ చిన్న డ్రమ్మును నిమరండి."

స్నీడ్ మొహం చూడాలి. చిన్నపిల్లాడి చేతికి పీచుమిఠాయి ఇచ్చి నోట్లో పెట్టుకోవద్దన్నట్టు అయింది. పెద్ద డ్రమ్ము పోయేసరికి ఆర్కెస్ట్రాకి తాళం నిలబెట్టేది ఇక సీఫస్ కాలొక్కటే. వాళ్ళు కూచున్నది చెక్క వేదిక మీద. అది లోపలంతా బోలు.

మొదటిసారి వాయించారు. నాలుగు వరసలు కాకుండానే కెస్లర్ అద్దాల గదిలోంచి బయటికి ఉరికాడు. "ఎవరయ్యా సుత్తి కొడుతున్నది? పాట నడుస్తుంటే మేకులు కొడతారా?" అని వెనకాల ఉన్న వడ్రంగుల మీద ఒంటికాలి మీద లేచాడు. వడ్రంగులు పాపం కాఫీ తాగుతున్నారు. కప్పులు చూపించారు. వాళ్ళను కప్పులతో సహా బయటికి పంపేశాడు.

రెండోసారి మళ్ళీ అదే. "కింద నీళ్ళ పంపు ఆపండి!" అని కేకేశాడు. పంపు ఆపారు. మొత్తం స్టూడియోకి నీళ్ళు పోయాయి. ఎక్కడో ఒళ్ళంతా సబ్బు పూసుకున్న నటుడెవరో తువ్వాలు చుట్టుకొచ్చి తిట్టిపోశాడు.

మూడోసారి కెస్లర్ డిప్పలు తీసేసి, నేల మీద బోర్లా పడుకుని, చెవి చెక్కకు ఆనించి పాకుతూ వచ్చాడు. ట్రంపెట్ల కింద నుంచి, క్లారినెట్ల కింద నుంచి పాకి, సీఫస్ బూటు ముందు ఆగి తలెత్తాడు.

"నువ్వా!"

"నేనేనండీ," అన్నాడు సీఫస్, సిగ్గుతో చచ్చిపోతూ.

"కాలు ఆపు."

కాలు ఆపాడు. కాలు ఆపితే బాకా ఆగింది. బాకా ఆగితే ట్రంపెట్లు ముందుకు పరిగెత్తాయి, ట్రాంబోన్లు వెనకబడ్డాయి, ప్రొఫెసర్ మధ్యలో ఎవరితో వెళ్ళాలో తెలీక రెండు చేతులతో రెండు పాటలు వాయించాడు. అంత దరిద్రంగా వాళ్ళెప్పుడూ వాయించలేదు. ప్రొఫెసరే లేచి, "అయ్యా, ఇది కాలు కాదు, మా గుండెకాయ. గుండెకాయ ఆపి మమ్మల్ని బతకమంటే ఎట్లా?" అన్నాడు.

బూటు విప్పమన్నారు. విప్పాడు. టక్సీడో వేసుకున్న మనిషి ఒంటికాలికి మేజోడు, దాంట్లోంచి బొటనవేలు బయటికి. డైరెక్టరు చూసి, "అది బొమ్మలో పడిందంటే నా పరువు పోతుంది, తొడుక్కో," అని అరిచాడు. అప్పుడు స్నీడ్‌కు ఉపాయం తట్టింది. పత్తి బేలు ఒకటి చీల్చి, దూదంతా లాగి సీఫస్ బూటు కింద పరుపులా కుక్కాడు. బూటు ముక్కు కిందా దూదే, మడమ కిందా దూదే. ఆ మెత్తదనం కాలికి తగలగానే సీఫస్‌కు నాన్న బూట్లు గుర్తొచ్చాయి, పెరట్లో చెయ్యి పట్టుకు నడిపించిన అక్క గుర్తొచ్చింది. కళ్ళు చెమర్చాయి, బాకా అడ్డం ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

దూదొక్కటీ చాలలేదు. ఎట్లాగూ చేతిలో చెప్పుకోదగ్గ పనిలేదు కదా అని స్నీడే వేదిక మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో ఆ కాలిని వాటేసుకున్నాడు. సీఫస్ లోపల తాళం వేసుకుంటున్నాడు, కాలు కదలబోతోంది, స్నీడ్ దూడను పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. చప్పుడు లేదు. అద్దాల గదిలో కెస్లర్ మొహం వెలిగింది. పాట ఎత్తుకుంది, ఊపందుకుంది, క్లారినెట్ కిలకిల్లాడింది. ఆఖరి చరణానికి వచ్చేసరికి అది ఎంత బాగుందంటే, స్నీడ్ తను ఎందుకు పడుకున్నాడో మరిచిపోయాడు. చేతులు వదిలేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

కాలు లేచింది. దూది నాలుగువైపులకూ ఎగిరింది. బూటు ఒట్టి చెక్క మీద పడింది.

ధబ్, జర్రు! ధబ్, జర్రు!

మంచు కురిసినట్టు దూది కురుస్తుంటే, బోలు వేదిక మొత్తం డ్రమ్మై మోగింది. పదిమందికీ పిచ్చి పట్టింది. ఐసుపెట్టెలో కెమెరా మనిషి కూడా ఎగురుతున్నాడని గది ఊగడం చూస్తే తెలిసింది. పాట అయిపోయాక కెస్లర్ బయటికొచ్చాడు. అప్పటికే గుమ్మంలో ఇంకో కంపెనీవాళ్ళు గుర్రాలతో సహా కాచుకుని ఉన్నారు. మళ్ళీ తీసే వ్యవధి లేదు.

"ఇట్లాగే పోనీ," అన్నాడు కెస్లర్ నీరసంగా. "ముగ్గురు చూసి మూల పడేస్తారు."

తిరుగు రైల్లో ప్రొఫెసర్ సీఫస్ భుజం మీద చెయ్యేశాడు. "జనం నవ్వారనుకో, నిన్ను మీ సంఘంలో దింపేస్తాను. నేనూ నీ పక్కనే మోకాళ్ళ మీద కూచుంటాను, ఏం?" అన్నాడు. అందరూ నవ్వారు. సీఫస్ నవ్వలేదు. అక్క వస్తే ఈ కాలు మోతకు జనం నవ్వడమే కదా చూస్తుంది అని అతని దిగులు.

బొమ్మ వసంతంలో జూబిలీ హాలుకు వచ్చింది. జూబిలీకి, సీయోను గుమ్మం సంఘానికి మధ్య ఉన్నది ఒక్కటే గోడ. దానివల్ల సంఘం పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. పాస్టరు టిల్మన్ శాంతి గురించి ప్రసంగిస్తుంటే అవతల తుపాకులు పేలేవి. ఆయన గొంతు పెంచేవాడు, అవతల గుర్రాలు పరిగెత్తేవి. ఆ రోజు బుధవారం, ప్రార్థన కూటం. సీఫస్ పొద్దున్నే సినిమా పాసు తెచ్చి పిల్లి పాలగిన్నె కింద పెట్టాడు. ఆల్మీటా దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలు కింద దోపి, పొద్దుగూకగానే గజ్జెల కంజిరలాంటి టాంబురీన్ తీసుకుని కూటానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆర్కెస్ట్రా అంతా ముందు వరసల్లో కూచుంది. దీపాలు ఆరాయి. తెర మీద పడవరేవు కనబడగానే హాలంతా ఈలలు. "అదిగో మన ట్రంపెట్ బంకీ! వాడి పళ్ళు చూడండర్రా!" "ప్రొఫెసర్ గడ్డం అదుగో!" స్నీడ్ సీట్లో నిలబడి, "నా మోచెయ్యి! కింద, దూది పక్కన! అది నా మోచెయ్యే!" అని అరిచాడు. సీఫస్ తనను వెతుక్కున్నాడు. ఒక పెద్ద ఇత్తడి గుండ్రం కనిపించింది. కెమెరా అటు తిరిగినా గుండ్రమే, ఇటు తిరిగినా గుండ్రమే. దాని వెనకాల మనిషి ఉన్నాడనడానికి ఆనవాలు లేదు.

అక్క వచ్చినా చూడటానికి ఏముంది? ఇత్తడి తొట్టి. రాకపోవడమే మేలైంది అనుకున్నాడు, కానీ అనుకున్నంత మాత్రాన మనసు ఊరుకుంటుందా?

అప్పుడు ఆఖరి చరణం వచ్చింది. హాలు నేల కింద నుంచి వచ్చినట్టు వచ్చింది. ధబ్, జర్రు. సీఫస్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎవరో ఒకావిడ పకపకా నవ్వింది. అయిపోయిందిరా నా పని అనుకున్నాడు. పైన బాల్కనీలో ఎక్కడో ఇంకో కాలు జవాబిచ్చింది. ధబ్, జర్రు. ఇంకోటి. ఇంకో వరస. హాల్లో సగం మంది పరిశుద్ధ సంఘాల్లో పెరిగినవాళ్ళే, ఆ తాళం వినగానే వాళ్ళ కాళ్ళు వాళ్ళ మాట వినడం మానేశాయి. కుర్చీలు గంతులేశాయి. రీలు అయిపోతే, "మళ్ళీ వెయ్యి! మళ్ళీ వెయ్యి! లేకపోతే తెర చింపుతాం!" అని గోల. మేనేజరు హడలిపోయి మొదటి నుంచి మళ్ళీ వేయించాడు. ఈసారి జనం ఆఖరి చరణం దాకా ఆగలేదు, దారుల్లోకి దిగి ఆడటం మొదలుపెట్టారు.

గోడకు అవతల ఏం జరిగిందో సంఘం సిస్టర్లు ఇప్పటికీ తలా ఒక రకంగా చెబుతారు. అందరూ ఒప్పుకునేది ఇది. పాస్టరు టిల్మన్ మోకాళ్ళ మీద ఉండి, "ప్రభువా, నీ అడుగుల చప్పుడు మాకు వినిపించు," అని ప్రార్థిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు గోడ ధబ్‌మంది. పాత చేపల కొట్టు అంతా అదిరింది. పాస్టరు కళ్ళు తెరిచి, రెండు చేతులెత్తి, "వచ్చాడు! స్తోత్రం! వచ్చేశాడు!" అని కేకపెట్టాడు. టాంబురీన్లు లేచాయి, సిస్టర్లు లేచారు, ముసలి బ్రదర్ హోలిస్ కర్ర పారేసి గెంతాడు. అవతల సినిమా, ఇవతల సంఘం, మధ్య గోడ, అందరూ ఒకే కాలికి ఆడారు.

ఆడనిది ఆల్మీటా ఒక్కతే. లేచి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించింది. దెబ్బ పడుతోంది. దెబ్బ వెనకాల మడమ ఈడుస్తోంది. ప్రభువుకు సరిపోని బూట్లు వేసుకోవలసిన ఖర్మేమిటి?

"పాస్టరు గారూ, అది ప్రభువు కాదండీ," అంది. "మా సీఫస్."

తెల్లబట్టల్లో, చేతిలో టాంబురీన్‌తో ఆమె వీధిలోకి నడిచి పక్క గుమ్మం ఎక్కింది. టికెట్ల దగ్గరున్న పిల్ల గాజు కిటికీలోంచి, "అమ్మా, టికెట్?" అంది.

"నేను బొమ్మ చూడ్డానికి రాలేదమ్మాయ్. మావాణ్ణి తీసుకుపోవడానికొచ్చాను."

ఆమె నడక చూశాక ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. సంఘం సిస్టర్లు వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు. లోపల అడుగుపెట్టకూడదు కదా. మెడలు మాత్రం ఎంత సాగాలో అంత సాగాయి.

హాల్లో ఆడుతున్నవాళ్ళు తెల్లబట్టలు చూసి పక్కకు జరిగారు. ఆల్మీటా తిన్నగా తెర ముందుకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ గుర్రమంత మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా వెతికింది. కాలు వినిపిస్తోంది, మనిషి లేడు.

"ఒరేయ్!" అని అరిచింది తెర మీదికి. "ఎక్కడ్రా నువ్వు?"

సీఫస్ కుర్చీలోంచి లేచాడు. ఆ ఒక్క మాట కోసం అన్నేళ్ళు ఎదురుచూసినవాడు, "ఆ ఇత్తడి వెనకాల, అక్కా," అన్నాడు.

ఆమె గిర్రున తిరిగింది. తమ్ముణ్ణి కిందినుంచి పైదాకా చూసింది, మళ్ళీ కిందికి, బూట్ల దాకా. "కాలికి సరిపోయిన బూట్లు వేసుకున్నావు. ఇంకా ఎందుకురా ఈడుస్తావు?"

"నాకు ఇంకోలా రాదక్కా. డాన్సుపాటలు మానెయ్యమంటే మానేస్తాను. మాట్లాడు చాలు."

"నిన్నెవడు మానమన్నాడు? నువ్వెక్కడ ఊదితే నాకేం? పాట మధ్యలో నన్ను ఒంటరిగా నిలబెట్టావు. అంతమంది ముందు. నీకోసం పక్కకు చూశాను, నువ్వు లేవు. అది రా నా ఏడుపు."

అప్పటికి రీలు అయిపోయింది. తెర తెల్లగా మిగిలింది. అంత గోల చేసిన హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. స్నీడ్ ముక్కు చీదుకున్న చప్పుడు బాల్కనీ దాకా వినిపించింది. ఆల్మీటా చేతి వెనకతో కళ్ళు తుడుచుకుని, భుజాలు నిటారుగా పెట్టి, సంఘం ముందు నిలబడ్డట్టు నిలబడింది.

"వెయ్యి," అంది.

సీఫస్ పక్కకొచ్చి నిలబడ్డాడు. కాలెత్తి వేశాడు. ధబ్, జర్రు.

ఆమె మొదటి నుంచి ఎత్తుకోలేదు. ఆ ఈస్టర్ నాడు రెండో చరణంలో ఎక్కడ ఆగిందో, సరిగ్గా ఆ మాట దగ్గరే పట్టుకుంది. గొంతు మొదట్లో తుప్పు పట్టిన గొళ్ళెంలా కిర్రుమంది, రెండో వరసకు తెరుచుకుంది. ప్రొఫెసర్ హాలు మూలనున్న పాత పియానో దగ్గరికి పరిగెత్తాడు. బాల్కనీవాళ్ళు తాళం అందుకున్నారు. గుమ్మంలో ఉన్న సిస్టర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నియమం అడుగు పెట్టొద్దంది గానీ టాంబురీన్ కొట్టొద్దనలేదని అక్కడే నిలబడి వాయించేశారు. తోసుకొచ్చిన పాస్టరు టిల్మన్ సంగతి గ్రహించి ఒక్క క్షణం తెల్లబోయాడు, తర్వాత ఆయన కాలు కూడా లేచింది. మేనేజరు పెద్ద సినిమా వెయ్యడం మరిచేపోయాడు, ఎవరూ అడగలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్ల మీద మిసెస్ ప్రింగిల్ తలుపు తీసింది. సీఫస్ ధబ్, జర్రుమని ఎక్కుతున్నాడు, వెనకాల ఆల్మీటా, "మెల్లగా ఎక్కరా మొద్దూ, పక్కవాళ్ళు బతకొద్దూ?" అని తిడుతూ వస్తోంది. తన మాట ఆల్మీటా అనేసిందని మిసెస్ ప్రింగిల్ తలుపేసుకుంది.

లోపల డీకన్ ఎప్పట్లాగే వంటింటి మధ్యలో వచ్చి కూచుంది, ఎవరు ఏం చెప్పమంటారో వినడానికి. ఆల్మీటా దాన్ని దాటి పొయ్యి దగ్గరికి పోయింది. సీఫస్ దాన్ని దాటి బల్ల దగ్గరికి పోయాడు. డీకన్ అటు చూసింది, ఇటు చూసింది. ఆ సాయంత్రం దానితో ఎవరూ ఏమీ చెప్పలేదు.